బర్మా స్టార్: తాతగారి పెట్టెలో దొరికిన పతకాన్ని చదవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

తెలుగునాట చాలా కుటుంబాల్లో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన తాతగారో ముత్తాతగారో ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికైతే ఇంటింటికీ సైనికులు ఉండడం వల్ల మిలటరీ మాధవరం అనే పేరే స్థిరపడిపోయింది. ఆ పెద్దలు పోయాక ట్రంకుపెట్టె అడుగున ఒక రాగి రంగు నక్షత్రం, దానికి వెలిసిపోయిన రిబ్బను ముక్క దొరుకుతాయి. అదేమిటని అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పేది ఒకటే: "యుద్ధంలో ధైర్యంగా పోరాడినందుకు ఇచ్చారట."

ఆ నక్షత్రం బర్మా స్టార్ అయితే ఈ మాట సరికాదు. దాన్ని ఎవరి సాహసాన్నో కొలిచి ఇవ్వలేదు. ఫలానా తేదీల మధ్య, ఫలానా ప్రాంతంలో విధుల్లో ఉన్న ప్రతి సైనికుడికీ ఇచ్చారు. వంటవాడైనా, లారీ డ్రైవరైనా, ఫిరంగి పేల్చినవాడైనా నియమం ఒకటే. ఇలాంటి వాటిని యుద్ధరంగ పతకాలు అంటాం. ఈ నియమాలు తెలిస్తే డిశ్చార్జి కాగితాలు పోయిన ఇంట్లో కూడా ఆయన ఎక్కడెక్కడ, ఏ ఏళ్లలో తిరిగారో చాలావరకు చెప్పుకోవచ్చు. నా దృష్టిలో ఈ పతకాల అసలు విలువ అదే.

మొదటి మెట్టు: ముట్టుకునే ముందు

పతకాన్ని తోమకండి. చింతపండు, బ్రాసో, నిమ్మరసం ఏదీ వద్దు. ఈ నక్షత్రాలు రాగి, జింకు కలిపిన మిశ్రమ లోహంతో చేసినవి, కాబట్టి ముదురు గోధుమ రంగుకు తిరగడం సహజం. తోమితే పైపొరతోపాటు సన్నటి గీతలు, వెనక చెక్కిన అక్షరాలు కూడా అరిగిపోతాయి. ఒకసారి అరిగిన పేరు మళ్లీ రాదు.

పెట్టెలో ఉన్నవన్నీ ఒక తెల్లగుడ్డ మీద పరవండి. విడిపోయిన రిబ్బను ముక్కలు, చిన్న లోహపు పట్టీలు, పిన్నులు, పాత బటన్లు, కాగితాలు ఏవీ పారేయొద్దు. ఏది దేని పక్కన ఉందో కదిలించకముందే ఒక ఫొటో తీయండి. తర్వాత ఒక్కోదాన్ని ముందు, వెనక, అంచు మూడు వైపులా తీయండి. అంచు ఫొటో చాలామంది మర్చిపోతారు, కానీ గుండ్రటి పతకాల మీద పేరు ఉండేది అక్కడే. ఒక స్కేలు, ఒక భూతద్దం దగ్గర పెట్టుకుంటే చాలు.

రెండో మెట్టు: నక్షత్రాన్ని గుర్తుపట్టడం

బర్మా స్టార్‌కు ఆరు కోణాలు ఉంటాయి. ఎత్తు 44 మిల్లీమీటర్లు, వెడల్పు 38 మిల్లీమీటర్లు. మధ్యలో ఒకదానిలో ఒకటి అల్లుకున్న జి, ఆర్, ఐ అనే ఆంగ్ల అక్షరాలు, వాటితో రోమన్ అంకెల్లో ఆరు. అది ఆరో జార్జి రాజముద్ర. చివరి ఐ అక్షరం ఆయన భారతదేశానికి చక్రవర్తి అన్న హోదాను చెబుతుంది. ముద్ర చుట్టూ ఒక వలయం, దాని పైన కిరీటం. ఆ వలయంలోనే ఆంగ్లంలో 'ది బర్మా స్టార్' అని ఉంటుంది. వెనకవైపు నున్నగా, ఏ బొమ్మా లేకుండా ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ యుద్ధానికి అప్పట్లో ఇచ్చిన నక్షత్రాలు ఎనిమిది, ఎనిమిదింటి అచ్చూ ఒకటే. తేడా వలయంలోని అక్షరాల్లోనూ, రిబ్బను రంగుల్లోనూ మాత్రమే. దూరం నుంచి చూసి బర్మా స్టార్ అని చెప్పేయొద్దు, భూతద్దంతో అక్షరాలు చదవండి.

రిబ్బను వెడల్పు 32 మిల్లీమీటర్లు. ముదురు నీలం, ఎరుపు, ముదురు నీలం అని మూడు పెద్ద పట్టీలు. ఒక్కో నీలం పట్టీ మధ్యలో ఒక్కో నారింజ చార. ఎరుపు బ్రిటిష్, కామన్వెల్త్ సేనలకు, నారింజ సూర్యుడికి గుర్తు. ఎనభై ఏళ్ల రిబ్బనులో ఆ నారింజ వెలిసి గోధుమ రంగుకు వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఉంగరం లోపల మడత పడిన భాగాన్ని కొద్దిగా తెరిచి చూడండి. వెలుతురు తగలని ఆ చోట అసలు రంగు ఇంకా కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. రిబ్బన్లు చిరిగినప్పుడు ఇంట్లోవాళ్లో, దర్జీనో దొరికిన రిబ్బను తగిలించేస్తుంటారు. అక్షరాలు ఒకటి చెప్పి, రిబ్బను మరొకటి చెబితే అక్షరాలనే నమ్మండి.

మూడో మెట్టు: అర్హత నియమాలు

మొత్తం గడువు 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు. చివరిది జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసిన రోజు. అయితే ఈ గడువు అంతటా అన్ని చోట్లా ఒకే నియమం లేదు, ప్రాంతాన్ని బట్టి తేదీలు మారతాయి.

బర్మా నేల మీద పనిచేసిన సైనికుడికి ఈ గడువులో ఎప్పుడైనా సరే, యుద్ధవిధుల మీద అక్కడ అడుగుపెడితే చాలు. కనీసం ఇన్ని నెలలుండాలన్న షరతు లేదు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఆ తర్వాత అడవుల్లోంచి నడిచి వెనక్కి వచ్చిన సిపాయికీ, 1945లో రంగూన్‌ను తిరిగి పట్టుకున్న సేనతో వెళ్లిన సిపాయికీ ఇదే నక్షత్రం వచ్చింది.

బెంగాల్, అస్సాం రాష్ట్రాల్లో సేవకు 1942 మే 1 నుంచి 1943 డిసెంబరు 31 వరకు అర్హత ఉంది. సైన్యం బర్మా నుంచి వెనక్కి వచ్చి ఈ సరిహద్దుల్లోనే నిలబడిన కాలం అది. 1944 జనవరి 1 నుంచి యుద్ధం ముగిసేదాకా ఈ అర్హతను అక్కడి తూర్పు భాగాలకు, అంటే బర్మా సరిహద్దు వైపున్న ప్రాంతాలకు పరిమితం చేశారు. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర పోరాడినవాళ్లు బర్మాలోకి అడుగుపెట్టకపోయినా బర్మా స్టార్‌కు అర్హులే. "మా తాత బర్మా వెళ్లలేదు, అస్సాంలోనే ఉన్నారు, మరి ఈ పతకం ఎలా వచ్చింది?" అన్న సందేహానికి జవాబు ఈ నియమంలోనే ఉంది.

మలయాలో పనిచేసినవారికి 1942 ఫిబ్రవరి 16 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు. ఆ ఫిబ్రవరి 16 ఎందుకో కింద చెబుతాను, అది చాలా ముఖ్యమైన గీత.

నావికులకు నియమం వేరు. వారు ముందుగా ఆరు నెలల సేవతో 1939-45 స్టార్ (దీని సంగతి అయిదో మెట్టులో) సంపాదించుకుని, ఆపైన బంగాళాఖాతంలో నిర్ణయించిన జలాల్లో పనిచేయాలి. వైమానిక దళంలో విమానంలో వెళ్లే సిబ్బందికి ఒక్క యుద్ధ ప్రయాణం చాలు. నేల మీద పనిచేసే వైమానిక సిబ్బందికి సైన్యానికి ఉన్న నియమాలే.

విశాఖపట్నంలో డ్యూటీ చేసినవారి కుటుంబాలకు ఒక మాట. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజు అక్కడ ఉన్న సైనికుడు శత్రువు దాడిని కళ్లారా చూసినవాడే. కానీ మద్రాసు రాష్ట్రంలో సేవ బర్మా స్టార్ పరిధిలో లేదు. కాబట్టి ఆ అనుభవం ఉన్న తాతగారికి ఈ నక్షత్రం లేకపోతే ఆయన చెప్పింది అబద్ధమని అనుకోవద్దు.

నాలుగో మెట్టు: పసిఫిక్ స్టార్‌తో ముడి

పసిఫిక్ స్టార్ గడువు 1941 డిసెంబరు 8 నుంచి 1945 సెప్టెంబరు 2. దాని రిబ్బను మధ్యలో పసుపు చార, ఇరువైపులా ఆకుపచ్చ, అంచుల్లో ఎరుపు ఉంటాయి. మలయాలో సేవకు ఈ పతకం 1942 ఫిబ్రవరి 15 వరకే వర్తిస్తుంది. ఆ రోజు సింగపూర్ జపాన్‌కు లొంగిపోయింది. మర్నాటి నుంచి అదే నేల మీద సేవ బర్మా స్టార్ ఖాతాలోకి వెళుతుంది.

ఈ ఒక్క రోజు తేడా వెనక వేల కుటుంబాల కథలున్నాయి. హైదరాబాద్ సంస్థానం సేనలో ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ 1941 డిసెంబరులో మలయా ఉత్తర తీరాన కోటబారు విమానాశ్రయం దగ్గర ఉంది. జపాన్ దళాలు మలయాలో మొదట దిగింది ఆ తీరంలోనే. తెలంగాణలో ఎవరి ఇంట్లోనైనా పసిఫిక్ స్టార్ దొరికితే, ఆయన ఆ ఓడిపోయిన మలయా పోరాటంలో ఉండి ఉండొచ్చు, బహుశా ఖైదీగా మూడున్నరేళ్లు గడిపి ఉండొచ్చు. ఇంట్లో ఆ విషయం ఎప్పుడూ మాట్లాడి ఉండకపోతే ఆశ్చర్యపోకండి. బతికొచ్చిన చాలామంది మాట్లాడలేదు.

ఒకే వ్యక్తికి ఈ రెండు నక్షత్రాలూ ఇవ్వలేదు. ముందు దేనికి అర్హత వస్తే ఆ నక్షత్రం ఇచ్చి, రెండోదానికి గుర్తుగా రిబ్బను మీద అడ్డంగా తొడిగే చిన్న లోహపు పట్టీ ఇచ్చారు. దాన్నే క్లాస్ప్ అంటారు. బర్మా స్టార్ రిబ్బను మీద 'పసిఫిక్' అన్న పట్టీ కనిపిస్తే ఆయన రెండు రంగాల్లోనూ ఉన్నట్టు. పతకం లేకుండా రిబ్బను ముక్క ఒక్కటే చొక్కాకు పెట్టుకునేటప్పుడు ఆ పట్టీకి బదులు చిన్న వెండి గులాబీ గుర్తు పెడతారు. పెట్టెలో చొక్కా బటన్‌లా కనిపించే గులాబీ ఉంటే పారేయొద్దని మొదట్లోనే చెప్పింది ఇందుకే.

అయిదో మెట్టు: పక్కనున్న పతకాలు

బర్మా స్టార్ ఒక్కటే దొరకడం అరుదు. దానితోపాటు వచ్చేవాటిని కలిపి చదివితేనే ఆయన ప్రయాణం తెలుస్తుంది.

1939-45 స్టార్ రిబ్బను ముదురు నీలం, ఎరుపు, లేత నీలం అని మూడు సమాన చారలు. నౌకా, స్థల, వైమానిక దళాలకు అవి గుర్తులు. సైన్యంలో దీనికి యుద్ధరంగంలో 180 రోజుల సేవ కావాలి. గాయాలవల్లో, మరణంవల్లో ఆ లెక్క మధ్యలో ఆగిపోయినవారికి మినహాయింపు ఉంది.

ఆఫ్రికా స్టార్ గడువు 1940 జూన్ 10 నుంచి 1943 మే 12. రిబ్బను ఇసుక రంగులో ఉంటుంది, మధ్యలో ఎర్ర చార. భారత నాలుగో, అయిదో డివిజన్లు అక్కడ పోరాడాయి. దాని రిబ్బను మీద '8' అంకె కనిపిస్తే, 1942 అక్టోబరు 23 తర్వాత అక్కడ పోరాడిన బ్రిటిష్ ఎనిమిదో సైన్యంతో ఉన్నట్టు. ఇటలీ స్టార్ 1943 జూన్ 11 నుంచి 1945 మే 8 వరకు, రిబ్బను ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. మిగతా నక్షత్రాలు మన కుటుంబాల్లో చాలా అరుదు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఇక గుండ్రటివి. వార్ మెడల్ 1939-45 అందరికన్నా ఎక్కువమందికి వచ్చింది. పూర్తికాల సేవ 28 రోజులుంటే చాలు, ఎక్కడ పనిచేసినా ఫరవాలేదు. ముందువైపు కిరీటం పెట్టుకున్న రాజు తల, వెనక రెండు తలల మృగాన్ని తొక్కి నిలబడిన సింహం. దాని రిబ్బను మీద చిన్న కంచు ఓక్ ఆకు ఉందేమో జాగ్రత్తగా చూడండి. ఆ ఆకు ఉంటే ఆయన పేరు సేనాధిపతి నివేదికలో ప్రత్యేకంగా ప్రస్తావనకు వచ్చిందని అర్థం. ఈ పతకాలన్నిటిలో వ్యక్తిగతంగా ఆయన చేసిన పనిని చూసి ఇచ్చింది ఆ ఆకు ఒక్కటే. గోరంత ఉంటుంది కాబట్టి అది ఊడిపోవడం, పోగొట్టుకోవడం చాలా తేలిక.

ఇండియా సర్వీస్ మెడల్ 1946లో ఏర్పాటైంది. వెనకవైపు భారతదేశ పటం ఉంటుంది, రిబ్బను ముదురు, లేత నీలం చారలు. భారత సేనల్లో యుద్ధరంగానికి బయట మూడేళ్ల సేవ చేసినవారికి ఇచ్చారు. గడువు 1945 సెప్టెంబరు 2తో ముగుస్తుంది కాబట్టి, ఇది ఉన్నవాళ్లు 1942 సెప్టెంబరు లోపే సైన్యంలో చేరి ఉండాలి. డిఫెన్స్ మెడల్ అందుకున్నవారికి దీన్ని ఇవ్వలేదు. ఆ డిఫెన్స్ మెడల్ మీద రాజు తలకు కిరీటం ఉండదు, రిబ్బను నారింజ, ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది.

ఆరో మెట్టు: అన్నీ కలిపి చదవడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెట్టెలో 1939-45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్ ఉన్నాయి, ఇండియా సర్వీస్ మెడల్ లేదు. బర్మా స్టార్‌కు ఒక్క రోజు చాలు, కానీ 1939-45 స్టార్ ఉందంటే యుద్ధరంగంలో కనీసం 180 రోజులు గడిపారు. యుద్ధరంగానికి బయట మూడేళ్లు లేవు కాబట్టి, ఆలస్యంగా చేరి ఉండాలి, లేదా చేరిన కొద్దికాలానికే సరిహద్దుకు వెళ్లి ఉండాలి. 1943లో చేరి, శిక్షణ అయ్యాక 1944లో ఇంఫాల్ వైపు వెళ్లిన సిపాయికి ఈ మూడూ సరిగ్గా సరిపోతాయి.

ఆఫ్రికా స్టార్, బర్మా స్టార్ రెండూ ఉంటే? అయిదో డివిజన్‌ను గుర్తుచేసుకోండి. అది ఆఫ్రికాలో పోరాడి, 1943 చివర్లో బర్మా రంగానికి వచ్చింది. ఆ డివిజన్‌లో ఉన్నారని దీనివల్ల రుజువు కాదు, కానీ వెతకడానికి ఒక దారి దొరికినట్టే.

వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ మాత్రమే ఉంటే ఆయన యుద్ధకాలంలో ఎక్కువగా దేశంలోనే ఉండి ఉంటారని చెప్పొచ్చు. డిపోలో, వర్క్‌షాపులో, ఆస్పత్రిలో, రైల్వే స్టేషన్ దగ్గరి సరుకుల గిడ్డంగిలో ఉండి ఉంటారు. అలాంటివాళ్లు లేకుండా సరిహద్దుకు ఒక్క బియ్యం బస్తా కూడా చేరేది కాదు. పిల్లలకు చెప్పేటప్పుడు "మన తాత యుద్ధానికి పోలేదంట" అని తేల్చేయకండి.

ఏడో మెట్టు: పేరు చదవడం

బ్రిటిష్ సైనికులకు ఈ పతకాలను పేరు లేకుండా ఇచ్చారు. భారత సైనికుల పతకాల మీద మాత్రం పేరు వేసే పద్ధతి ఉంది. నక్షత్రానికైతే వెనక నున్నటి భాగంలో, గుండ్రటి పతకానికైతే అంచు మీద ఉంటుంది. లైటును పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి, పతకాన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. అరిగిన అక్షరాల నీడలు అప్పుడు తేలతాయి. ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చినా పనికొస్తుంది.

సాధారణంగా వరస ఇది: సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం. హోదా పొట్టి అక్షరాల్లో ఉంటుంది. సిపాయి, నాయక్, హవల్దార్, జమేదార్, శాపర్ అన్నవాటి మొదటి రెండు మూడు ఆంగ్ల అక్షరాలు. దళం పేరులో మద్రాస్ అని ఉండి చివర ఆర్ అక్షరం ఉంటే మద్రాస్ రెజిమెంటు. ఎస్ అండ్ ఎం అని ఉంటే మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్, అంటే వంతెనలు, రోడ్లు వేసే ఇంజినీర్ల దళం. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, సరుకులు, లారీల విభాగం.

మన పేర్లను ఆనాటి గుమాస్తాలు విన్నట్టు రాశారు. అప్పలస్వామి, సూర్యనారాయణ లాంటి పేర్లకు రకరకాల ఆంగ్ల స్పెల్లింగులు కనిపిస్తాయి. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అందుకే పేరు కన్నా సర్వీసు నంబరే గట్టి ఆధారం. దాన్ని ఒకటికి రెండుసార్లు సరిచూసి రాసుకోండి.

పేరు లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. నకిలీని పట్టుకోవడానికి కొలతలు చూడండి, కిరీటం మీది చిన్న గీతలు పదునుగా ఉన్నాయో, మైనంలా కరిగినట్టున్నాయో చూడండి. పోత పోసిన నకలులో వివరాలు మెత్తబడిపోతాయి. ఇంట్లోవాళ్ల పతకాల విషయంలో ఈ అనుమానం చాలా అరుదుగానే వస్తుంది, బజారులో కొన్నవాటికే ఎక్కువగా అవసరం.

ఎనిమిదో మెట్టు: కాగితాలతో సరిచూసుకోవడం

డిశ్చార్జి బుక్కు ఉంటే అందులో చేరిన తేదీ, విడుదల తేదీ, పనిచేసిన ప్రాంతాలు, ఇచ్చిన పతకాలు ఉంటాయి. అది లేకపోతే రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. భారత సిపాయిల సర్వీసు కాగితాలు లండన్‌లో దొరకవు, ఆ దళాల రికార్డుల్లోనే ఉంటాయి. మద్రాస్ రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాస్ శాపర్ల కేంద్రం బెంగళూరులో ఉంది. ఉత్తరంలో సర్వీసు నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, మీకు ఆయనతో ఉన్న బంధుత్వం రాయండి. పతకం అంచు ఫొటో కూడా జతచేయండి. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఊరి పేరు రాసేటప్పుడు ఆనాటి జిల్లాను గుర్తుపెట్టుకోండి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. అంతకుముందు ఆ ఊళ్లన్నీ వైజాగపటం పేరుతోనే రికార్డుల్లో ఉంటాయి.

యుద్ధంలో చనిపోయినవారి విషయంలో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. సమాధి దొరకనివారి పేర్లు స్మారకాల మీద చెక్కారు. బర్మాలో తౌక్యాన్ శ్మశానవాటికలో ఉన్న రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి, వాటిలో భారత సైనికులవి చాలా ఉన్నాయి. పేరు దొరక్కపోతే స్పెల్లింగు మార్చి, ఆపైన దళం పేరుతో, సర్వీసు నంబరుతో వెతకండి.

తొమ్మిదో మెట్టు: భద్రపరచడం

దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు. పాత రిబ్బను చిరిగి ఉంటే కొత్తది కొని తగిలించండి, పాతదాన్ని మాత్రం కాగితంలో చుట్టి అదే పెట్టెలో ఉంచండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి పెడితే లోహం మీద జిగురు పడుతుంది. ఉతికిన నూలుగుడ్డ, గట్టి అట్టపెట్టె మేలు. ఒకదానికొకటి రాసుకోకుండా వేరువేరుగా చుట్టండి.

ఫ్రేము కట్టించాలంటే వరస తెలుసుకుని కట్టించండి. చూసేవాళ్ల ఎడమ నుంచి కుడికి 1939-45 స్టార్, ఆఫ్రికా, పసిఫిక్, బర్మా, ఇటలీ స్టార్లు, తర్వాత డిఫెన్స్ మెడల్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. పతకాలను బోర్డుకు జిగురుతో అంటించనివ్వొద్దు, వెనక రాసిన పేరు శాశ్వతంగా మూసుకుపోతుంది. దారంతో కుట్టమనండి. ఫ్రేము వెనక ఒక కవరు పెట్టి, అందులో సర్వీసు నంబరు, దళం, మీరు తేల్చిన తేదీలు, ఏది రుజువైంది, ఏది మీ ఊహ అన్నది విడివిడిగా రాసి ఉంచండి.